కోసిన మూల

మా ఆయన ఉద్యోగం చేసినన్నాళ్లూ ఊళ్లవాళ్ల భూములు కొలిచాడు. సర్వేయరు. ఎవరి గట్టు ఎవరి చేలోకి జానెడు జరిగిందో చెప్పడంలో దిట్ట. రిటైరయ్యాక కొలవడానికి ఏమీ దొరక్క, ఒకరోజు టేపు పట్టుకుని లోపలి గదిలోకి వచ్చి మా బాపు బేస్ స్పీకర్ డబ్బాను కొలవడం మొదలుపెట్టాడు.

బాపు అంటే మా నాన్న. వరంగల్ కాశిబుగ్గలో మైక్ సెట్ దుకాణం నడిపేవాడు. లగ్గాలు, వినాయక చవితి, బతుకమ్మ, ఎవరైనా పోతే భజన, అన్నిటికీ ఆయన సామానే. అందులో పెద్దది ఈ డబ్బా. నా భుజాల దాకా ఎత్తు, నలుగురు పడితే గానీ లేవదు. కాజీపేట రైల్వే కాలనీలో ఒకప్పుడు డ్యాన్సు బ్యాండు ఉండేదట. అందులో బేస్ గిటార్ వాయించే ఆయన ఊరు వదిలిపోతూ బాపుకు అమ్మేశాడు. అక్కడ ఇంగ్లీషు పాటలు పలికిన డబ్బా మా బాపు దగ్గరికి వచ్చాక పోచమ్మ పాటలు పలికింది. దానికేమీ అభ్యంతరం ఉన్నట్టు కనిపించలేదు.

బాపు దాన్ని వచ్చినది వచ్చినట్టు ఉంచలేదు. కింద చక్రాలు వేశాడు. ముందున్న నల్లగుడ్డ చిరిగితే జంపఖానా ముక్క బిగించాడు. ఒంటినిండా నీలిరంగు పూసి దుకాణం పేరు రాయించాడు. ప్రతి దసరాకూ పెట్టిన పసుపు కుంకుమలు ఆ రంగులో కలిసిపోయి ఉన్నాయి. ఇవన్నీ ఒక ఎత్తు, ఆ మూల ఒక ఎత్తు. వెనకవైపు ఒక మూలను పైనుంచి కింది దాకా రంపంతో కోసి, ఆ సందుకు చెక్క కొట్టి మూశాడు. ఎవరు చూసినా ముందు కనిపించేది ఆ కోసిన మూలే.

మా ఆయన ఫోన్లో పాత స్పీకర్ల పిచ్చి ఉన్నవాళ్ల గ్రూపు ఒకటి పట్టాడు. ఫొటోలు పెట్టాడు. హైదరాబాద్‌లో ఒక పెద్దమనిషికి ఇలాంటివి దాచుకోవడానికి ఇంట్లో ప్రత్యేకంగా ఒక గదే ఉందట. రంగు గీకి లోపల ఏముందో చూడమన్నాడు ఆయన. మా ఆయన వంటింటి చాకు తీసుకుపోయి గీకాడు. నీలం కింద ఆకుపచ్చ, ఆకుపచ్చ కింద గరుకు గరుకుగా నల్ల రెగ్జిన్. ముందువైపు జంపఖానా తీస్తే కంపెనీ బిళ్ల ఊడిపోయిన నాలుగు చిల్లులు. ఖిలా వరంగల్‌లో కొత్త శాసనం దొరికినట్టు నన్ను కేకేసి పిలిచాడు.

ఆ చిల్లుల వరస, రెగ్జిన్ గరుకు చూసి హైదరాబాద్ పెద్దమనిషి తేల్చేశాడు. ఇది విదేశాల్లో, బేస్ గిటార్ కోసమే చేసిన డబ్బా. ఇప్పుడు దొరకదు. మొదట ఎలా ఉండేదో అలా చేయించి పెడితే, వచ్చి తీసుకుపోయి తన గదిలో పెట్టుకుంటాడు.

తీసుకుపోతాడు అన్న మాట నాకు గుచ్చుకుంది. బాపు పోయాక దుకాణం నా తమ్ముళ్లకు పోయింది. నాకు మిగిలింది ఈ డబ్బా, అందులోనూ ఆ మూల. డబ్బా పోతే పోనీ అని ఎలాగో సర్దిచెప్పుకోగలనేమో. మూల చెరిగిపోతే మాత్రం మా బాపు రెండోసారి పోయినట్టే నాకు.

"చక్రాలు తీయుండ్రి, రంగు గీకుండ్రి, నేనేమన్న అంటున్ననా? ఆ మూల మాత్రం ముట్టకుండ్రి" అన్నాను.

"అసలు ఖూనీయే అది. మీ బాపుకు తెల్వక కోసిండు. తెలిసినోడు గిసొంటి డబ్బాను కోస్తడా?"

"ఎందుకు కోసిండో ఎరుకేనా మీకు?"

"ఎందుకైతేంది? కోసుడు కోసుడే."

కోపమొస్తే నేను మాట్లాడను. నేను మాట్లాడకపోతే ఆయన పనులు సాఫీగా సాగుతాయి. మా సంసారం ఇన్నేళ్లు నిలబడింది ఈ ఏర్పాటు మీదే.

ఎందుకు కోశాడో మీకు చెబుతాను. ఈ ఇంటి గృహప్రవేశానికి బాపు తన సామానంతా మోయించుకొచ్చాడు. పొద్దున గడపకు పసుపు రాసి, పాలు పొంగించాం. భోజనాల వేళకు పెరుగు చాలదని తేలి, మా ఆయన స్కూటర్ మీద బయలుదేరాడు. ఆయన అటు పోవడం, వాన ఇటు దిగడం. ఉన్న ఒక్క టార్పాలిన్ బాపు వంటల మీద కప్పించాడు. డబ్బాను లోపలికి పట్టించాడు. మా ఇంట్లో గడప దాటగానే ఎదురుగా గోడ. మనుషులు పక్కకు తిరిగి పోతారు. డబ్బా తిరగలేదు. గోడకూ దర్వాజ చట్రానికీ మధ్య బిగుసుకుని ముందుకూ పోదు, వెనక్కూ రాదు. సగం చుట్టాలు లోపల పెరుగు లేకుండా, సగం చుట్టాలు బయట వానలో.

ఎవరో గడ్డపార తెచ్చారు. దర్వాజ ఒకపక్క ఊడదీస్తే పోతుంది, మళ్లీ సిమెంటు పెట్టుకోవచ్చు అన్నారు. బాపు ఆ గడ్డపార లాక్కుని పక్కన పడేశాడు.

"పొద్దుగాల్నే పసుపు వెట్టిన గడప. నా బిడ్డ ఇల్లు. దర్వాజ ముట్టద్దు. రంపం తేండ్రి."

వానలో నిలబడి, బయటికి మిగిలిన మూలను తనే కోశాడు. మాకు అన్నం పెట్టిన డబ్బా అది. కోస్తున్నప్పుడు ఆయన మొహం చూడలేక నేను లోపలికి పోయాను. తరువాత చెక్క కొట్టి మూసినా దాని గొంతులో గరగర పోలేదు. పెద్ద పెళ్లిళ్లకు ఇక పనికిరాదని ఇక్కడే వదిలేశాడు. "ఉండనియ్ బిడ్డా, దానిమీద పరుపులు వేస్కో" అన్నాడు. తన ఇంటికి పోయే ముందు, గాలికి కొత్త తలుపు దబదబ కొట్టుకుంటుంటే, కోసిన మూలలోంచి జానెడు ముక్క తీసి తలుపు కింద పెట్టాడు. ఇప్పటికీ మా వాకిలి తలుపును ఆపేది ఆ ముక్కే. తలుపుకు రంగు వేసినప్పుడల్లా దానికీ వేస్తాం.

మా ఆయన స్కూటర్ అండర్ బ్రిడ్జి కింద నీళ్లలో ఆగిపోయింది. పెరుగు క్యాను నెత్తిన పెట్టుకుని, నడుం లోతు నీళ్లలో నడిచి, అందరూ తిని చేతులు కడుక్కున్నాక వచ్చాడు. ఆ సాహసం ఇప్పటికీ ప్రతి శుభకార్యంలో చెబుతాడు. అది చెప్పే తొందరలో డబ్బాకు మూల ఏమైందో అడగడం మరిచిపోయాడు. అడగనివాళ్లకు ఎవరు మాత్రం చెబుతారు?

సరే, చెక్కపని చేసే వడ్లాయన వచ్చాడు. మూసిన చెక్క పీకి, మూలను చతురస్రంగా కట్టాడు. దాని మీదికి పాత రెగ్జిన్‌లాంటిదే కావాలని మా ఆయన సోఫాల దుకాణాలు, ఆటో సీట్ల దుకాణాలు అన్నీ తిరిగాడు. పోయేటప్పుడు తలుపు కింది ముక్కను కాలితో తోసి పోయేవాడు, వచ్చాక కాలితోనే మళ్లీ లోపలికి తోసేవాడు. అసలు రెగ్జిన్ దానిమీద, రంగు కిందనే ఉంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఏమిటో కళ్లారా చూశాను. పాపం అనిపించేది. మీ బాపుకు తెల్వక అన్న మాట గుర్తొచ్చి ఆ జాలి కాస్తా ఆవిరయ్యేది.

మా ఇంటి దర్వాజ ఎంత వెడల్పో నాకు తెలుసు. ఊరి భూములన్నీ కొలిచిన మనిషికి అది కొలవాలని తోచలేదు. నేను చెప్పలేదు.

డబ్బా తయారయ్యాక కొత్త వైరు కలిపి పాట పెట్టాడు. ఆ మోత నేలలోంచి నా అరికాళ్లలోకి వచ్చింది. గరగర లేదు. చిన్నప్పుడు బాపు పక్కన కూర్చుని విన్న మోత. మళ్లీ వింటానని అనుకోలేదు. ఆ రోజు వానలో ఆయన ఎంత వదులుకున్నాడో అప్పుడు తెలిసింది నాకు. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. సౌండు బాగుందని ఏడుస్తున్నాననుకుని మా ఆయన ఇంకాస్త పెంచాడు.

ఆదివారం హైదరాబాద్ పెద్దమనిషి ట్రాలీ ఆటో మాట్లాడుకుని, మనుషులను వెంటబెట్టుకుని వచ్చాడు. చేతులతో తడిమి చూసి, మూల ఎక్కడ అతికారో తెలియడం లేదని మెచ్చుకున్నాడు. మోయమన్నాడు. దర్వాజ దగ్గర డబ్బా బిగుసుకుంది. అప్పటిలాగే ముందుకూ పోదు, వెనక్కూ రాదు. లోపలివైపు మా ఆయన, బయటివైపు మేము. నిలబెట్టి చూశారు, వంచి చూశారు. అప్పుడు టేపు తీశాడు మా ఆయన. కొలిచాడు. నమ్మకం కుదరక మళ్లీ కొలిచాడు.

"దర్వాజ ఒక సైడు ఊడదీద్దాం సార్. సాయంత్రానికి మళ్లీ బిగించేస్తారు" అన్నాడు పెద్దమనిషి.

మా ఆయన డబ్బా మీది నుంచి నా వైపు చూశాడు.

"మరి మీ బాపు ఎట్ల దెచ్చిండే దీన్ని లోపల్కి?"

ఇన్నేళ్లకు అడిగాడు. నేను వంగి, తలుపు కింది ముక్క తీసి, డబ్బా మీదుగా ఆయన చేతికిచ్చాను.

"మా బాపు తెల్వక కోసిన మూల ఇదే."

అంతా చెప్పాను. వాన, టార్పాలిన్, గడ్డపార, రంపం. ఆయన తాళంచెవితో ముక్క మీది రంగు గీకాడు. కింద నల్లగా, గరుకు గరుకుగా రెగ్జిన్. చాలాసేపు దాన్ని తిప్పి తిప్పి చూశాడు. అప్పుడు భయమేసింది నాకు. దర్వాజ ఊడదీయండి అంటే నేనేం చేయాలి? అడ్డంగా నిలబడాలనే అనుకున్నాను.

"దర్వాజ ముట్టద్దు" అన్నాడు. "వడ్లాయనకు ఫోన్ జెయ్. రంపం తెమ్మను."

"కోస్తే నాకు పనికిరాదు సార్" అన్నాడు పెద్దమనిషి.

"ఎరుకే సార్. జర మీరు కూడ ఒక చెయ్యేసి పట్టుకోండ్రి."

ట్రాలీ ఆటో ఖాళీగా పోయింది. డబ్బా లోపలి గదిలోకి పోయింది, గరగర దాని గొంతులోకి వచ్చింది. పరుపులు మళ్లీ దానిమీదికి ఎక్కాయి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఒక మాట అనాలని నాలిక దాకా వచ్చింది గానీ, అనలేదు. కొత్తగా కోసిన ముక్క ఇప్పుడు పెరటి తలుపు కింద ఉంది. బాపు ముక్కను కాలితో తోయడం మానేశాడు మా ఆయన. వంగి చేత్తో తీసి, చేత్తోనే పెడుతున్నాడు. నడుం నొప్పి అని మూలుగుతున్నాడు కూడా.

మొన్న మా ఆడబిడ్డ కొడుకు లగ్గంలో చుట్టాలను చుట్టూ కూర్చోబెట్టుకుని కథ మొదలుపెట్టాడు. "మా మామ గడ్డపార గుంజి అవతల పారేసిండు. వానల నిలవడి రంపం వట్టిండు." అంతా కళ్లముందే జరిగినట్టు చెబుతున్నాడు.

"నువ్వు ఆడ లేవు గదా బావా, పెరుగుకు వోయినవ్ గదా" అన్నాడు మా తమ్ముడు.

"పెరుగుదేమున్నదిరా" అన్నాడు మా ఆయన. "ఎవడన్న తెస్తడు."