తెల్లచీర ఫొటో

ఆ సంవత్సరం పత్రికలకు మా పేదరికం మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. కలకత్తాలోనే ఉన్నా మా మెటియాబ్రుజ్ ఓ చిన్న ఊరి లెక్కే. ఇంటింటా కుట్టుమిషన్, ఆ ఏడు ఇంటింటా పని కరువు. మూసిన దుకాణాలు, దిగాలు ముఖాలు రోజూ పేపర్లో పడేవి. నవ్వే మనిషి ఒక్కడూ వాళ్ల కెమెరాకి దొరకలేదు కాబోలు!

నాన్నకు రేవులో పని పోయింది. ఇక ఇంటికి దిక్కు అమ్మ మిషనే. గుడ్డ కత్తిరించి ఇంటింటికీ కుట్టుకు పంచే యజమానిని మా దగ్గర ఓస్తాగర్ అంటారు. సందు చివరి ఓస్తాగర్ చాచా, దుర్గాపూజ పండక్కి పిల్లల గౌన్లు కుట్టే పని అమ్మకిస్తానని మాటిచ్చాడు. ఆ గుడ్డల మూటలు వస్తేనే మాకు గడుస్తుంది.

ఆదివారం మా ఇంట్లో మిషన్ తిరగదు. అమ్మ దానిమీద దుప్పటి కప్పి, మా తెలుగు చర్చి ఆడవాళ్లందరిలాగే తెల్లచీర కట్టి, నేను తయారయ్యేదాకా గడప మీద కూర్చుంది. చర్చిలో చాపలు పరచాలని నాన్న ముందే వెళ్లిపోయాడు. సందులో పోతున్న పత్రిక ఫొటోగ్రాఫర్ ఒకడు అమ్మని, వెనకున్న మిషన్‌ని కలిపి ఫొటో తీసుకుని, ఒక్క మాటైనా అడక్కుండా పోయాడు.

రెండ్రోజులకి పేపర్లో అమ్మ! కింద బెంగాలీలో ఉన్నది నేనే చదివి వినిపించాను: "భర్త పోయాడు, మిషన్ ఆగింది."

"ఏటీ? మీ నాన్నని సంపేసినారా?" అంది అమ్మ.

నాన్న టీ తాగుతూ, "నానెప్పుడు పోయినానే?" అన్నాడు.

ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఓస్తాగర్ ఇంటి నుంచి మూటలకు బదులు పళ్లబుట్ట వచ్చింది. దుఃఖంలో ఉన్న ఆడమనిషిని ఇబ్బంది పెట్టకూడదని గౌన్ల పని వేరేవాళ్లకి ఇచ్చేస్తున్నాడట. ఎంత మంచి మనిషి, మా కొంప ముంచేశాడు!

అమ్మ లేచింది. చిలకపచ్చ చీర కట్టి, నాన్న రెక్క పుచ్చుకుని బయల్దేరింది. నాన్న చేతిలో అరటిపండు. వెనకే నేను.

"ఇడుగో చాచా, సచ్చిపోయినాయన! నువ్వంపిన పళ్లే తింటన్నాడు!" బెంగాలీలో మొదలుపెట్టి, కోపం నషాళానికి అంటగానే తెలుగులోకి దిగిపోయింది. "ఆదోరం గనక మిషన్ ఆపినాను. సోమారం తొక్కినాను కాదా? అప్పుడెవుడైనా వొచ్చి సూసినాడా?"

తెలుగు రాకపోయినా, అరటిపండు తింటున్న నాన్నని చూడగానే చాచాకి సంగతి అర్థమైపోయింది. "తోబా, తోబా" అని చెంపలేసుకుని, కళ్ల నీళ్లొచ్చేదాకా నవ్వాడు. మూటలు ఇంకా గుమ్మం దాటలేదు. వాటిని తనే నాన్న తలకెత్తాడు. పోయిన మనిషి మూటలు మోసుకుంటూ వస్తుంటే సందంతా గుమ్మాల్లోకి వచ్చింది. అమ్మ అందరికన్నా ముందు నడిచింది. ఆ నడక చూసి గర్వంతో నాకు ఏడుపొచ్చేసింది.

మళ్లీ ఆదివారం వచ్చింది. పండగ తొందరలో సందంతా మిషన్ల మోత. అమ్మ పని ఇంకా సగమే అయింది.

"ఈ ఒక్క ఆదోరం కుట్టేసుకో, ఏటవుతాది?" అన్నాడు నాన్న.

అమ్మ మిషన్‌మీద దుప్పటి కప్పింది. అదే తెల్లచీర కట్టి, అదే గడప మీద కూర్చుని, నాన్నని లాగి పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఇప్పుడు రమ్మను, ఆ ఫొటోలోడిని."