ఆమె ముడులు వేసిన దారి

నిన్న మధ్యాహ్నం భోజనాలయ్యాక మా మనుమరాలు వసారాలో చాప పరచి, చాప మీద ఒక పెద్ద కాగితం పరచి, కాగితం ముందు బోర్లా పడుకొంది. పెండ్లయి ఆరు నెలలయింది. భర్త బడిపంతులు. ఎండాకాలం సెలవుల్లో ఇద్దరూ ఎక్కడికైనా పోయి రావాలని ఆలోచన. "టాక్సీ వద్దనుకుంటాండాం తాతా. కొంచెం దూరం రైల్లో, కొంచెం దూరం బస్సులో. యాడ బాగుంటే ఆడ దిగేది, రెండు దినాలు ఉండేది, మళ్ళా ఎక్కేది. గండికోట చూసుకొని మహానందికి పోవల్లంటే ఎట్ల పోతే బాగుంటాది?" అని అడిగింది. నన్ను దారి అడిగిన మనిషి ఈ ఇంట్లో చాలా ఏళ్ళుగా లేదు. "గుంతకల్లులో దిగి నంద్యాల బండి ఎక్కల్ల" అన్నాను. తల ఎత్తి చూసింది. "నువ్వు పోయినావా?" "గుంతకల్లు దాకా పోయినా" అని చెప్పి, లోపలికి పోయి, కొయ్యపెట్టె అడుగున ఉన్న నూలుతాడు తెచ్చి దాని చేతిలో పెట్టాను.

బారెడు పొడవుంటుంది ఆ తాడు. కొంత దూరం తెల్లపోగులు, కొంత దూరం ఎర్రవి, కొంత దూరం నీలం. నడుమ నడుమ ముడులు. పిల్లది దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఎవరికైనా దిష్టి తీసిన తాడా అని అడిగింది. "కాదు. మీ అవ్వ చేసిన టైంటేబులు" అన్నాను. అది పకపకా నవ్వింది, నేనూ నవ్వాను. దాని వెనక కథ మాత్రం చెప్పలేకపోయాను. నోటితో చెప్పలేనిది కాగితం మీద పెడుతున్నాను.

అప్పట్లో మా కాపురం జమ్మలమడుగులో, నేతగాళ్ళ వీధిలో. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకొని నేను కూర్చుంటే, మూడు మూరల దూరంలో రాట్నం ముందు నూలు కండెలు చుడుతూ ఆమె. మా మేనమామ కూతురే కాబట్టి పెండ్లికి ముందూ తర్వాతా నేను ఆమెకు బావనే. మా ఇద్దరి ఎదుటా ఒకటే గోడ. ఆ గోడకు పెచ్చు ఊడినచోట కొండ ఉందనేది, దాని కింద వానచార పడినచోట ఏరు పారుతుందనేది. నాకు మాత్రం ఊడిన పెచ్చే కనిపించేది. సున్నం కొట్టిద్దామని నేనంటే, "కొండకు సున్నం కొడతావా బావా?" అని నవ్వేది. ఆ గోడకు మేము కాపురమున్నన్నాళ్ళూ సున్నం పడలేదు.

ఆమెకు అక్షరాలు రావు. నాకు నాలుగు వచ్చు. కానీ దారులు తెలిసింది ఆమెకే. ముద్దనూరు టేషన్ నుంచి మా వీధికి నూలు మూటలు తెచ్చే జట్కా సాయబు ఒకాయన ఉండేవాడు. గుర్రం అలసట తీర్చుకొనేదాకా మా అరుగు మీద కూర్చొని చెంబెడు నీళ్ళు తాగి ఊర్ల కథలు చెప్పేవాడు. చూసిన ఊర్ల కన్న చూడని ఊర్లను బాగా వర్ణించేవాడు. "మహానంది కోనేట్లో నీళ్ళు ఎట్లుంటాయనుకున్నావు చెల్లెమ్మా! కాసు పడేస్తే నిలువు లోతులో బొమ్మా బొరుసూ కనపడతాది" అనేవాడు. "నువ్వు చూసినావా అన్నా?" అని ఆమె అడిగితే, "నేను చూల్లేదు. చూసినోణ్ణి చూసినా" అనేవాడు. ఆమె నవ్వుతూనే ఆ మాట దాచుకొనేది. తర్వాత గాజులమ్మే ఆమెను అడిగి, తిరిగొచ్చిన యాత్రికులను అడిగి, సాయబు మాటలో ఎంత నిజమో తేల్చుకొనేది.

అట్లా తేలిన దారిని మిగులు పోగులతో తాడుగా పేనింది. తెల్లది ఎద్దులబండీ జట్కా. ఎర్రది రైలు. నీలం బస్సు. పెద్ద ముడి అంటే దిగే చోటు, దాని పక్కన ఎన్ని చిన్న ముడులుంటే అన్ని రోజుల మజిలీ. మొదట తెల్లపోగు మీద గండికోట, పెన్న కొండను కోసుకొని పారే చోటు. అక్కడి నుంచి ముద్దనూరు వచ్చి రైలెక్కితే తాడిపత్రి, అక్కడి గుళ్ళో లింగం కింద నీళ్ళు ఊరుతాయట. తర్వాత గుంతకల్లులో బండి మారి నంద్యాల, అక్కడి నుంచి మహానంది. మళ్ళీ నంద్యాల నుంచి నల్లమల అడవిలో సొరంగం దూరే రైలు కొంత దూరం ఎక్కి దిగాలి, ఊరికే, సొరంగం కోసం. తిరుగు ప్రయాణం నీలంపోగు: ఆళ్ళగడ్డ, మైదుకూరు, పొద్దుటూరు. పోయిన దారిన రాకూడదని ఆమె పట్టు. అన్నీ కలిపి పది చిన్న ముడులు. తాడు చివర మాత్రం ముడి లేదు. అదేమంటే, "ఇంటికి ముడి ఎందుకు, ఇల్లు యాడికి పోతాది?" అంది.

నేను దాన్ని పిల్లలాట కింద జమకట్టేశాను. "తిరునాళ్ళకు పోతే పొద్దున పోయి సందేళకు వస్తాం. ఒక్కొక్క చోట రెండు దినాలు ఏం చేస్తావు?"

"చూస్తా."

"ఏం చూస్తావు?"

"నీళ్ళు."

"రెండు దినాలూ నీళ్ళేనా?"

"ఈడ పదేండ్ల నుంచి గోడ చూడ్లేదా?"

ఒకసారి పెద్దమనిషి తరహాలో, "అంత మోజుగా ఉంటే ఊర్లో బాడుగ కారు వచ్చిందంట. మాట్లాడతా, ఒక్క దినంలో గండికోట చూసొద్దాం" అన్నాను. అది ఉదారమని నేననుకొన్నాను. పదిరోజుల కోరికను ఒకరోజుకు కుదించి చేతులు దులుపుకొనే ఉపాయమని ఆమె కనిపెట్టింది. "కార్లో పోతే చెట్లన్నీ ఎనక్కి ఉరుకుతాయంట బావా. నాకు అవి నిలబడుండాల" అని రాట్నం తిప్పుకొంది.

నేతపని ఎరగనివాళ్ళకు ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నిలువు పోగుల వరస పడుగు. ఆ పడుగు మగ్గం మీద ఉండగా ఇల్లు విడిచి యాత్రకు కదలరాదని మా ఇంటి ఆచారం. కట్టిన పని కట్టినట్టే వదిలితే దేవుడు కూడా దర్శనమివ్వడని మా అమ్మ అనేది. అందుకని యాత్ర అంటే, పడుగు దిగి మగ్గం ఖాళీ అయినప్పుడే. కానీ మా మగ్గం ఖాళీ అయ్యేది కాదు. పాత పడుగు చివరికొస్తుండగానే కొత్తది తెచ్చి, పాత పోగు కొసకు కొత్త పోగు కొసను కలిపి మెలిపెడతారు. అతకడం అంటాం. వేల పోగులు, ఒక్కొక్కటీ వేళ్ళతోనే. వేళ్ళు జారకుండా బూడిద రాసుకొంటారు. మా ఇంట్లో ఆ పని ఆమెది. మా వీధిలో అంత నున్నగా అతికే చేయి ఇంకొకటి లేదు. అంటే, నేను పయనాన్ని ప్రతిసారీ ఆమె చేతులతోనే ఆపించాను. ఈ మాట నాకు అప్పుడు తట్టలేదు. తట్టలేదని ఇన్నాళ్ళూ అనుకొంటూ వచ్చాను. తట్టిందేమో, పక్కకు తోశానేమో, ఇప్పుడు చెప్పలేను.

ఒక్క ఏడు మాత్రం ఒప్పుకొన్నాను. ఉగాది పోయిన వారానికి పడుగు దిగుతుంది, కొత్తది తేను, పోదాం అన్నాను. ఆమె నమ్మింది. మా పిల్లవాణ్ణి, అంటే ఈ మనుమరాలి నాయన్ను, మా అమ్మ దగ్గర విడవడానికి ఏర్పాటయింది. జట్కా సాయబుకు కబురు పోయింది. జొన్నరొట్టెలు చేసి, విరిగేంత గట్టిగా ఎండబెట్టింది. చెనక్కాయల పొడి దంచి కుండలో పెట్టింది. బయలుదేరే ముందురోజు పొద్దున నేను బజారుకు పోయి, సంకన కొత్త పడుగు పెట్టుకొని వచ్చాను. ఒక పెద్దింటి పెండ్లి చీరలు. ఇంకొకరికి పోతుందేమోనన్న ఆత్రం తప్ప మరే కారణమూ లేదు. ఇంట్లో తిండికి లోటు లేదు. నన్నెవరూ బలవంతపెట్టలేదు. వీధిలో మంచి పని నాకే దక్కాలి, అంతే.

ఆమె పడుగు వైపు చూసింది, నా వైపు చూడలేదు. పొయ్యి దగ్గరికి పోయి గిన్నెలో బూడిద తెచ్చుకొంది. సాయంత్రం దాకా ఒక్క మాట లేకుండా అతుకుతూ కూర్చుంది. తిట్టినా బాగుండునని నాకు అనిపించింది. అయినా నేను పలకరించలేదు, మాట్లాడితే ఎక్కడ పోదామంటుందోనని.

మరునాడు తెల్లవారగానే సాయబు వచ్చాడు. గుర్రానికి నుదుటిన ఎర్రకుచ్చు కట్టాడు. పయనం లేదని నేను గడపలోనే చెప్పాను.

"అదేందప్పా! చెల్లెమ్మ ఎన్నేండ్ల నుంచి అడుగుతాండాదో నాకు తెలీదా?"

"పెండ్లి చీరలు వచ్చినాయి సాయబూ."

"చీర యాడికి పోతాదప్పా? మగ్గానికి కాళ్ళుండాయా? కాళ్ళుండేది మనుసులకు గదా."

ఇంతలో ఆమె లోపలి నుంచి రొట్టెల మూటా పొడికుండా తెచ్చి బండిలో పెట్టింది. "నువ్వు తీసకపో అన్నా. దావ కోసం చేసింది దావలోనే తినల్ల" అంది. సాయబు గుర్రం కుచ్చు విప్పి జేబులో పెట్టుకొని బండి తోలుకొని పోయాడు.

తర్వాత యుద్ధం వచ్చింది. నూలు కరువైంది. మా వీధిలో మగ్గాల చప్పుడు ఒక్కొక్కటే ఆగింది, మాదీ ఆగింది. మూడు నెలలు గుంతలో పిల్లి పండుకొనేది. ఒకరోజు ఆమె తాడు తెచ్చి నా ముందు పెట్టింది. "ఇప్పుడు ఖాళీనే గదా బావా." నేనేమన్నానో రాయడానికి సిగ్గుగా ఉంది. మగ్గం ఖాళీగా పెట్టుకొని ఊర్లు తిరిగితే నలుగురూ నవ్వరా అన్నాను.

నలుగురి కన్నా ముందు ఆమే నవ్వింది. "నిండుగా ఉంటే నిండింది అంటావు, ఖాళీగా ఉంటే ఖాళీ అంటావు. నీకు సగం మగ్గం కావల్ల బావా. యాడన్నా దొరికితే చెప్పు" అంది. ఆ నవ్వు చూసి ఆమెకు కోపం పోయిందనుకొన్నాను. కోపం కాదు, పోయింది ఆశ. ఆ తర్వాత ఆమె తాడును బయటికి తీయలేదు.

స్వతంత్రం వచ్చిన ఏటికి ముందటేడు, వానలు మొదలైనప్పుడు ఆమెకు జ్వరం తగిలింది. వైద్యుడు రెండు పూటలా వచ్చాడు. తొమ్మిదో రోజు మధ్యాహ్నం కొంచెం తెలివిగా ఉండి, గోడ వైపు చూస్తూ, "బావా, దారి చెప్పు" అంది. ఏ దారి అన్నాను. "మన దారే. ముద్దనూర్లో ఎక్కినాం. తాడిపత్రిలో రెండు దినాలు ఉన్న్యాం. తర్వాత యాడ దిగల్ల?"

నాకు తెలియలేదు.

పదేళ్ళు నా చెవి పక్కనే కూర్చొని చెప్పింది. మగ్గం చప్పుడుతో పాటు ఆ మాటలనూ వింటున్నాననే అనుకొన్నాను. ఒక్క ఊరి పేరైనా నాలుక మీదికి రాలేదు. ఆమె మెల్లగా నా చేయి తట్టింది. "గుంతకల్లు బావా. గుంతకల్లులో మారల్ల. లేకుంటే బండి యాడికో తీసకపోతాది" అంది. అంతటితో అలసి కళ్ళు మూసుకొంది. మహానంది దాకా చెప్పలేదు. పదో రోజు పోయింది.

మరుసటి ఎండాకాలం తాడు పట్టుకొని నేనొక్కణ్ణే బయలుదేరాను. జట్కా తోలింది సాయబే. ముందు గండికోటలో దిగాను. అక్కడ ఎర్రబండల అంచున, ఎక్కడో అడుగున సన్నగా మెరుస్తున్న పెన్నను చూస్తూ రెండు రోజులు కూర్చున్నాను. నా బొటనవేలూ చూపుడువేలూ వాటంతట అవే లేని పోగును మెలిపెడుతూ ఉండేవి. ముద్దనూరులో దింపినప్పుడు సాయబు నా చేతిలో ఒక మూట పెట్టాడు. ఎండు జొన్నరొట్టెలు. "దావలో తిను" అన్నాడు. తాడిపత్రిలోనూ లెక్కప్రకారం రెండు రోజులున్నాను. గుంతకల్లులో దిగేసరికి నంద్యాల బండి పోయింది. మళ్ళీ రేపేనని కూలివాడు చెప్పాడు.

ఆ రోజంతా వేపచెట్టు నీడలో బల్ల మీద కూర్చున్నాను. బండ్లు వచ్చాయి, పోయాయి. రొట్టె విరిచాను, మళ్ళీ మూటలోనే పెట్టాను. నా పక్కన బల్ల మీద మనిషి పట్టేంత చోటు ఖాళీగా ఉంది. ఎవరైనా వచ్చి కూర్చోబోతే, మా ఇంటామె వస్తుందని చెప్పాను. అట్లా ముగ్గురికి చెప్పాను. మరునాడు నంద్యాల బండి వచ్చి నా ముందే నిలబడింది. ఎక్కలేదు. ఆ నీళ్ళను ఆమె కన్నా ముందు చూడడానికి నాకేం హక్కుంది? వచ్చిన దారినే తిరిగి వచ్చాను. ఆమె వద్దన్నదీ అదే.

ఇదంతా మా మనుమరాలికి చెప్పలేదు. కానీ అది తాడును వేళ్ళ మధ్య పోనిస్తూ ఎర్రపోగు నడుమ ఒక చోట ఆగింది. అక్కడి దాకా ముడులు నలిగి మాసి ఉన్నాయి. ఆ తర్వాతవి కొత్తగా ఉన్నాయి. "ఈడి నుంచి నువ్వు పోలేదు కదా తాతా?" అంది. తల ఊపాను. "అయితే నువ్వూ రా. గుంతకల్లులో మేం మారుస్తాం నిన్ను."

"ఇప్పుడెందుకులేమ్మా, ఇంకోసారి చూద్దాం" అనేశాను.

మగ్గం అమ్మేసి పాతికేళ్ళయింది. సంకన పడుగు లేదు, పెండ్లి చీరలు లేవు, నవ్వే వీధి లేదు. ఒక్క సాకూ మిగలని ముసలివాడి నోటికి ఆ మాట మాత్రం ఎంత తేలికగా వచ్చింది! అది విన్నాకగానీ నేనేం చేశానో నాకు పూర్తిగా తెలియలేదు. పిల్లది తాడు నా ఒళ్ళో పెట్టి లోపలికి పోయింది.

వాళ్ళు శుక్రవారం పొద్దున బయలుదేరుతారు. ఈ ఉదయం రెండు పంచెలు మడిచి సంచిలో పెట్టి, సంచిని తలుపు పక్కన అందరికీ కనబడేట్టు ఉంచాను. కోడలిని జొన్నరొట్టెలు చేయమన్నాను. ఇప్పుడు నా దగ్గరున్న రోజులన్నీ ఖాళీవే. ఆమె అడిగిన పది రోజులు మాత్రం వాటిలో లేవు.