పన్నెండు గ్రాముల సంగతి

కోరుట్లలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్‌గా చేరేనాటికి నాకు మోల్ అంటే ఏమిటో తెలియదు. ఈ మాట ఇప్పుడు రాస్తున్నాను గానీ, అప్పుడు నా కంఠంలో ప్రాణం ఉండగా ఒప్పుకునేవాణ్ని కాదు. ఆరు పాయింట్ సున్నా రెండు రెండు ఇంటూ పది టు ది పవర్ ఇరవై మూడు. నిద్రలో లేపినా చెప్పేవాణ్ని. సిరిసిల్లలో మా నాయన సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, గుడ్డ నేసి చదివించిన ఎమ్మెస్సీ అంతా ఆ ఒక్క అంకె మీద నిలబడి ఉండేది.

మొదటి ఏడాది పిల్లల ముందు ఆ అంకెను బోర్డు మీద రాసి, చుట్టూ పెట్టె గీసి, చాక్‌పీసు పొడి దులుపుకున్నాను. ముందు బెంచీలో ఒక అమ్మాయి లేచింది.

"సార్, పన్నెండు గ్రాముల కార్బన్ల గన్ని పరమాణువులు ఉంటయన్నరు. ఒక్క గ్రాము హైడ్రోజన్ల సుత గన్నే ఉంటయన్నరు. గదెట్ల సార్? ఎవలు లెక్కవెట్టిండ్రు?"

"పరీక్షల గది అడగరు, కూసో" అన్నాను.

ఆమె కూర్చుంది గానీ నా వైపు చూడటం మానలేదు. బెల్లు కొట్టడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది. ఆ ఇరవై నిమిషాలూ హాజరు రెండోసారి తీసుకున్నాను.

మర్నాటి నుంచి బందు. తెలంగాణ కోసం బడులు, కాలేజీలు, బస్సులు అన్నీ ఆగిపోయాయి. ఆ పొద్దు ఊరేగింపులో జై తెలంగాణ అని నాకంటే గట్టిగా అరిచినవాడు కోరుట్లలో లేడు. చూసినవాళ్లు ఎంత అభిమానమో అనుకున్నారు. రాష్ట్రం కావాలని నాకూ ఉండేది, అబద్ధం చెప్పను. కానీ ఆ అరుపులో సగం, మోల్ పాఠం వాయిదా పడిన సంతోషం.

ఆ సంతోషం ఇంటికి చేరేదాకే. ఎందుకంటే ఆ అమ్మాయి నేను అద్దెకున్న ఇంటామె బిడ్డే. కాలేజీకి తాళం పడింది గానీ ప్రశ్న నాతోపాటు ఒకే వాకిట్లో మిగిలింది. నీళ్లు పట్టుకోవడానికి పోతే, "సార్, గది ఆలోచించిండ్రా?" బట్టలు ఆరేస్తుంటే, "సార్, పుస్తకంల సుత సక్కగ లేదు." చివరికి ఆమె పంపు దగ్గరికి వచ్చి పోయేదాకా కిటికీలోంచి కాపలా కాసి, అప్పుడు బిందె తీసుకుని బయటికి వచ్చేవాణ్ని. అప్పటికి నల్లాలో నీళ్లు ఆగిపోయేవి.

ఇంటామె బీడీలు చేసేది. వారమైనా బందు తెగలేదు. ఆకూ తంబాకూ ఇచ్చే కార్ఖానా కూడా మూతపడింది. ఒకరోజు పొద్దున ఆమె డబ్బాలో మిగిలిన తంబాకును చిన్న తరాజులో పోసి జోకి, బరువు చూసింది. పక్కన బిడ్డ కత్తెరతో ఆకు కోస్తోంది. నేను గడప మీద పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను.

"ఇంకెన్ని అయితయే అమ్మా?" అంది బిడ్డ.

"నాలుగు వందల మీద జర" అంది తల్లి.

పేపరు దించి అడిగాను. నోరు ఊరుకోదు కదా. "బీడీలు చేయకముందే లెక్క ఎట్ల చెప్తవక్కా?"

ఆమె నన్ను జాలిగా చూసింది. "వెయ్యి బీడీలకు ఎంత తంబాకు వడుతదో ఎరుకే గద సార్. జోకినంక ఇంక లెక్కవెట్టుడెందుకు?"

"మరి ఆకు?"

"ఆకుదీ గంతే. వెయ్యి ఆకుల బరువు వేరే, వెయ్యి బీడీల తంబాకు బరువు వేరే. వెయ్యి మాత్రం వెయ్యే."

కత్తెర చప్పుడు ఆగిపోయింది. ఆ అమ్మాయి లేచి నా ముందుకొచ్చింది.

"సార్! కార్బన్‌ది ఒక్కొక్క పరమాణువు హైడ్రోజన్ దానికంటె పన్నెండంతల బరువు. గందుకే అది పన్నెండు గ్రాములు జోకితె, ఇది ఒక్క గ్రాము జోకితె, లెక్క ఒక్కటే అయితది. మోల్ అంటె మా అమ్మ వెయ్యి లెక్కనే, జర పెద్దది. గంతేనా?"

అయిదేళ్లు చదివిన చదువు ఆ నిమిషంలో మొదటిసారి నాకు అర్థమైంది. లేచి ఆ తల్లీబిడ్డలకు దండం పెట్టాల్సిన సమయం అది. నేనేం చేశానంటే, పేపరు మడిచి, గొంతు సవరించుకుని, "గంతే. నేను గదే చెప్దామనుకున్న, నీ అంతట నువ్వే కనుక్కోవాలని ఆగిన" అన్నాను.

తల్లి నమ్మింది. బిడ్డ నవ్వింది.

నాలుగు రోజులకు నా అరుపుల ఫలితం నాకు ముట్టింది. లెక్చరర్లంతా నిరసనగా రోడ్డు మీద క్లాసులు చెప్పాలని నిర్ణయమైంది. అందరికంటే ముందు నా పేరే రాశారు. జగిత్యాల రోడ్డుకు అడ్డంగా బోర్డు నిలబెట్టారు. ముందు వరసలో పిల్లలు, వెనక బీడీలు చేసే ఆడవాళ్లు, ఆగిపోయిన లారీల డ్రైవర్లు, చెట్టు నీడన ఇద్దరు కానిస్టేబుళ్లు. నేను వెయ్యి ఆకులు, వెయ్యి బీడీలు అంటూ మోల్ పాఠం మొదలుపెట్టాను. ఎక్కడినుంచి వచ్చిందో మాత్రం చెప్పలేదు. ఆడవాళ్లు తలలూపుతున్నారు. డ్రైవర్లు కింద కూర్చున్నారు. నాకు పొగరు ఎక్కింది.

ఒక డ్రైవరు చేతిలో గ్లాసు ఎత్తాడు. "సారూ, మరి గీ నీళ్లల్ల ఎన్నుంటయి?"

"మంచి ప్రశ్న" అన్నాను. నూట ఎనభై గ్రాముల నీళ్లనుకుందామని, జనం చూస్తుండగా టకటకా పదహారుతో భాగించి, "పదకొండుంబావు మోల్స్!" అని చాక్‌పీసు గాల్లో తిప్పాను. చప్పట్లు పడ్డాయి.

"సార్." ముందు వరసలోంచి అదే గొంతు, మెల్లగా. "పదహారు ఒక్క ఆక్సిజన్‌దే. హైడ్రోజన్లు రెండు మర్చిండ్రు. పద్దెనిమిదితోని భాగించాలె. సరిగ్గ పది."

ముందు నాకు కోపం వచ్చింది. ఏదైనా సాకు చెబుదామని నోరు తెరిచాను గానీ, వెనక ఆడవాళ్లలోంచి ఇంటామె నావైపే చూస్తోంది.

"నేను తప్పు చేసిన" అన్నాను. "అసలు ఆ ఆకుల లెక్క సుత నాది కాదు. ఈమె అమ్మది." చాక్‌పీసు ఆ అమ్మాయి చేతికిచ్చి, డ్రైవర్ల పక్కన కింద కూర్చున్నాను. ఆమె నేను రాసిన పదహారు చెరిపి పద్దెనిమిది రాసింది. తర్వాత మిగిలిన పాఠమంతా ఆమే చెప్పింది. గ్లాసు పట్టుకున్న డ్రైవరు నా భుజం తట్టి, "ఏం గాదు సారూ, మేము గూడ బ్రేకు మర్చిపోతం ఒక్కోపారి" అన్నాడు. అది ఓదార్పో బెదిరింపో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

పరీక్షలు ఆలస్యంగానైనా జరిగాయి. రెండో ఏడాది చివర ఆమెకు కెమిస్ట్రీలో వచ్చిన మార్కులు, ఇంటర్‌లో నాకు వచ్చినవాటికంటే చాలా ఎక్కువ. ఆ సంగతి దాచుకునేవాణ్నే గానీ, "సార్, మీకెన్నొచ్చినయి?" అని ఇంటామె మామూలుగానే అడిగితే, మామూలుగానే చెప్పేశాను. ఆ సాయంత్రం ఆమె మిఠాయి డబ్బా పట్టుకుని, బిడ్డనూ నన్నూ వెంటబెట్టుకుని వీధిలో ఇల్లిల్లూ తిరిగింది. ప్రతి గడప ముందూ రెండు అంకెలూ చెప్పి, ఏది బిడ్డదో ఏది సారుదో పొరపాటు రాకుండా వేలుపెట్టి చూపించింది.