సున్నాలమ్మ

అత్తగారు పక్కింటి టైలరు గారి సోఫాలో కూర్చున్నారు. కాసేపు కబుర్లయ్యాక లేవబోయారు. లేవలేదు. టైలరు ఒక రెక్క, ఆయన భార్య ఒక రెక్క పట్టుకుని లాగితే లేచారు గానీ, ఆవిడతోపాటు సోఫా మీది గుడ్డ కూడా లేచింది. గుడ్డ కొసన పెట్టిన కాఫీ కప్పు మాత్రం లేవకుండా కిందికి పోయింది. టైలరు గారు ఈ సంగతంతా చప్పుడు విని వచ్చిన కోడలికి ఎంతో మర్యాదగా చెప్పి, మోకాలి ఆపరేషన్ మీ ఆసుపత్రిలోనే కదమ్మా చేయించారు అని కూడా అడిగారు.

కోడలు పగిలిన కప్పు ముక్కలు ఏరుతూ తల దించుకుంది. ఎందుకంటే "ఎత్తు తక్కువ కుర్చీలోంచి లేవడానికి ఈ వారం మీకు ఎంత కష్టమైంది?" అన్న ప్రశ్నకి అత్తగారి పేరు పక్కన సున్నా వేసింది తనే. సున్నా అంటే కష్టమే లేదని. నాలుగు అంటే అసలు చేతకాదని.

ఎముకల ఆసుపత్రిలో ఆమె ఉద్యోగం అదే. మోకాలి చిప్ప మార్పించుకున్నవాళ్లు ఆర్నెల్లకి చూపించుకోవడానికి వచ్చినప్పుడు, మెట్ల పక్క గదిలో కూర్చోబెట్టి ప్రశ్నలు అడగాలి. అవే ప్రశ్నలు, అదే వరసలో, ఎన్నో దేశాల ఆసుపత్రుల్లో ఎవరి భాషలో వాళ్లు అడుగుతారు. జవాబులన్నీ ఒకచోట చేరతాయి. ఎక్కడి మోకాళ్లు బాగా వంగుతున్నాయి, ఎవరిని చూసి ఎవరు నేర్చుకోవాలి అన్నది అక్కడ తేలుతుంది. ఒకరు గజంతోనూ ఇంకొకరు జానతోనూ కొలిస్తే ఏది పొడుగో తేలదు గనక, అడిగే తీరు అందరిదీ ఒక్కటే కావాలి. ప్రశ్న ఉన్నదున్నట్టు చదవండి, మాట కలపకండి, తల ఊపకండి, ఇంట్లోవాళ్లని మీరు అడగకండి అని శిక్షణలో చిలక్కి చెప్పినట్టు చెప్పారు.

చిలక మొదటి వారం బాగానే పలికింది. కానీ కుంటుకుంటూ అంత దూరం నుంచి వచ్చిన మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి, నవ్వకుండా, పోలీసు విచారణలా అడగడానికి ఆమె ప్రాణం ఒప్పలేదు. ముందు టీ తెప్పించింది. ఒట్టి టీ ఏం బాగుంటుందని రెండు బిస్కెట్లు పెట్టింది. తర్వాత పిల్లలేం చేస్తున్నారని అడిగింది. ఇంత అయ్యాక ప్రశ్న అడిగినప్పుడు ఎవరైనా జవాబు చెప్పలేక తటపటాయిస్తే, "ముందుకంటే నయమే కదండీ?" అని అందించింది. నయమే తల్లీ అనేవారు వాళ్లు. ముందు మంచం దిగలేనివాళ్లు, నయం కాక ఏమవుతుంది? ఆమె సున్నా వేసేది. అడగమన్నది ఈ వారం సంగతి, ముందుతో పోలిక కాదు అన్నది ఆ బిస్కెట్ల మధ్య ఎక్కడో జారిపోయింది.

కష్టం ఉందన్నవాళ్లనే మళ్లీ వ్యాయామానికి పిలుస్తారు. సున్నా వాళ్లని పిలవరు. మెల్లమెల్లగా వ్యాయామం గది ఖాళీ అయింది, అందులో దూది పెట్టెలు చేరాయి. పని లేని ఫిజియో ఆయన ఆ పెట్టెల మీదే కూర్చుని పేపరు చదువుకుంటూ, ఆమె కనపడితే చాలు, "రావమ్మా సున్నాలమ్మా, నీ చేతిలో ఏం మహత్తుందో గానీ మనవాళ్లవన్నీ బంగారు మోకాళ్లు" అనేవాడు. ఆమె నవ్వేసి వెళ్లిపోయేది. పేరు మాత్రం అంటుకుపోయింది.

కప్పు పగిలిన సాయంత్రం, లేవడం అంత కష్టంగా ఉంటే తనకి ఎందుకు చెప్పలేదని అత్తగారిని అడిగింది.

"నువ్వు అడిగిన తీరు అలా ఉంది మరి," అన్నారు అత్తగారు మోకాలు రుద్దుకుంటూ. "టీ ఇచ్చావు, బిస్కెట్లు పెట్టావు, నయమే కదా అత్తయ్యా అన్నావు. కాదని ఎలా అంటాను? నా ముందువాళ్లంతా సున్నా సున్నా అని పోతుంటే, అత్త ఒక్కతే నాలుగంటే లోకం ఏమనుకుంటుంది? కోడల్ని ఆఫీసుకొచ్చి మరీ సాధిస్తోంది అనుకోదూ?"

కోడలికి నవ్వు రాలేదు. ఒక్కొక్క మొహమే కళ్ల ముందుకి రావడం మొదలైంది. పాలబూత్ ఆయన. గొంతు బాగా పెద్దదైన లాయరు గారు. అందరికంటే ఎక్కువగా, రిటైరైన టీచరమ్మ. ఆవిడ నవ్వుతూ సున్నా అని చెప్పి, బల్ల పట్టుకుని రెండుసార్లు ప్రయత్నించి లేవలేకపోయింది. ఈమె చూసింది. పరిగెత్తి చెయ్యి అందించింది. తిరిగొచ్చి సున్నా వేసింది. తెలియక చేశానని చెప్పుకోవడానికి అక్కడ సందు దొరకలేదు.

మర్నాడు ఆసుపత్రిలో పండగ వాతావరణం. అన్ని దేశాల పోలికలో మన మోకాళ్లు మొదటి వరసలో నిలిచాయని, అది చూసి సముద్రం అవతలి నుంచి ఒక డాక్టరమ్మ నేర్చుకోవడానికి వస్తోందని పెద్ద డాక్టరు గారు అందరినీ పిలిచి చెప్పారు. ఆపరేషన్ తర్వాత అంత వ్యాయామం లేకుండానే ఇక్కడ ఇంత బాగుంటే, తమ దగ్గర కూడా తగ్గించేద్దామని వాళ్లు ఆలోచిస్తున్నారట. ఆయన మీసం ఆనందంతో వణికింది. సున్నాలమ్మకి మాత్రం ఊరూ పేరూ తెలియని ఎవరో ముసలావిడ, భాష తెలియని ఏదో ఇంట్లో, సోఫాలోంచి లేవలేక ఇటూ అటూ చూస్తున్నట్టు అనిపించింది. చెబితే ఉద్యోగం పోవచ్చు. చెప్పకపోతే ఆవిడ ఆ సోఫాలోనే ఉంటుంది.

డాక్టరమ్మ వచ్చింది. కొత్త బూట్లు కరిచాయేమో, మడమకి ప్లాస్టరు, నడకలో చిన్న కుంటు. సున్నాలమ్మ తప్పు తనదేననీ, జవాబులు తను చెప్పించినవేననీ చెప్పేసింది. పెద్ద డాక్టరు గారే తర్జుమా. ఆయన మొహం ఒకసారి నల్లబడి, మళ్లీ తెల్లబడింది; ఆయన ఏదో రెండు ముక్కలు చెప్పారు. డాక్టరమ్మ మురిసిపోయి సున్నాలమ్మ చెయ్యి పట్టుకుని ఊపింది. ఒప్పుకున్న తప్పుకి అలా ఎవరూ మురిసిపోరు. ఏం తర్జుమా అయిందో ఆమెకి అర్థమైంది.

ఇక మాటలతో పని కాదనుకుంది. డాక్టరమ్మని తన గదిలోకి తీసుకెళ్లి, కుర్చీలో కూర్చోబెట్టింది. టీ తెప్పించింది. రెండు బిస్కెట్లు పెట్టింది. ఫోనులో తన పిల్లల ఫొటోలు చూపించింది, ఆవిడ పిల్లల ఫొటోలు చూసి బుగ్గలు నొక్కుకుంది. అప్పుడు గోడ మీది సున్నా నుంచి నాలుగు దాకా ఉన్న బొమ్మ చూపించి, వేళ్లతో నడుస్తున్నట్టు అభినయించి, కష్టమా అన్నట్టు చూస్తూ, ఏమీ ఉండదులెండి అన్నట్టు తియ్యగా తల ఊపింది.

డాక్టరమ్మ నవ్వుతూ బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చూపించింది.

సున్నాలమ్మ నవ్వలేదు. వంగి ఆవిడ మడమ వైపు చూసింది. డాక్టరమ్మ కూడా చూసుకుంది. సున్నా చుట్టిన వేళ్లు అలాగే ఉన్నాయి, రెండో చేతిలో కొరికిన బిస్కెట్టు అలాగే ఉంది. తర్వాత ఆవిడ బిస్కెట్టు పళ్లెంలో పెట్టేసి, గుమ్మంలో తేలు కుట్టిన దొంగలా నిలబడ్డ పెద్ద డాక్టరు గారితో నెమ్మదిగా ఏదో అంది. ఈసారి ఆయన తర్జుమా పూర్తిగా చేశారు: తమ దేశంలో వ్యాయామం తగ్గించరట, ఇక్కడ అందరినీ మళ్లీ అడగాలట, ఈమే అడగాలట, తప్పు ఎక్కడుందో తెలిసిన మనిషి గనక.

మళ్లీ అడిగింది. ప్రశ్న ఉన్నదున్నట్టు, తల ఊపకుండా. పిలిపించినవాళ్లలో సగంమంది, మనిషి మారిపోయిందని, మంచినీళ్లకైనా దిక్కు లేదని బయట బెంచీ మీద గొణుక్కున్నారు. టీచరమ్మ మూడు అని చెప్పి, ఎందుకో కళ్లు తుడుచుకుంది. అత్తగారిని ఈమె బదులు ఒక నర్సు అడిగింది, ఆవిడ కరువుతీరా నాలుగు అన్నారు. దూది పెట్టెలు గది ఖాళీ చేశాయి. ఫిజియో ఆయనకి పేపరు చదివే తీరిక పోయింది. సున్నాలమ్మకి మాత్రం బల్ల పట్టుకుని లేచే మనిషి కనబడితే ఇప్పటికీ ఆ టీచరమ్మకి వేసిన సున్నాయే గుర్తొస్తుంది.

కొత్త పోలిక వచ్చింది. మొదటి వరసలో ఉన్న ఆసుపత్రి ఎక్కడో అడుక్కి దిగిపోయింది. పెద్ద డాక్టరు గారు ఆ కాగితం పట్టుకుని ఆమె బల్ల దగ్గరికే వచ్చారు.

"ఏమ్మా, నిన్నమొన్నటిదాకా బంగారంలా ఉన్న నా మోకాళ్లన్నీ ఒక్కసారిగా ఎలా పాడైపోయాయి?"

"మోకాళ్లు ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి సార్, నేనే బిస్కెట్లు మానేశాను."