పక్కన కూర్చునే ఉద్యోగం

"మీ కోడలు ఏం చేస్తుందండీ?" అని మెట్ల దగ్గర ఎవరైనా అడిగితే అత్తగారు కళ్లజోడు సర్దుకుని, "ఆఫీసులో కూర్చుంటుంది" అనేది.

"కూర్చుని?"

"ఊఁ కొడుతుంది. దానికి జీతమిస్తారు. వాళ్ల ఖర్మ." అంతటితో ఆవిడ చేతిసంచీ ఊపుకుంటూ దిగిపోయేది.

ఆ మాటలో అబద్ధమేమీ లేదు. కొత్తగా తయారైన యాప్‌నో వెబ్‌సైటునో జనంలోకి వదిలే ముందు, దాన్ని వాడబోయే మనుషుల్లో కొందరిని పిలిపించి, చిన్న గదిలో కూర్చోబెట్టి, చేతికి ఫోనిచ్చి, "ఫలానా పని చేసి చూపించండి" అని అడగడం కోడలి ఉద్యోగం. అడిగాక పక్కన కూర్చోవాలి. వాళ్లు ఎక్కడ ఆగారో, ఎక్కడ తడబడ్డారో, ఎక్కడ నుదురు చిట్లించారో చూడాలి. ఏమడిగినా "ఊఁ" అనాలి. మరీ నిలదీస్తే "మీకేమనిపిస్తోంది?" అనాలి. అంతకు మించి ఒక్క ముక్క సాయం చెయ్యకూడదు. ఆఫీసులో కుర్రకారు ఆమెకు ఊఁ అక్క అని పేరు పెట్టి, చాటున కాదు, మొహమ్మీదే పిలిచేవారు. ఆమె దానికీ "ఊఁ" అనే పలికేది.

సాయం చెయ్యకుండా కూర్చోవడం ఎంత కష్టమో కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది. ఎదుటి మనిషి తలుపు వదిలేసి గోడను తోస్తుంటే, "తలుపు ఇటుందండీ" అనకుండా ఉండటానికి గుండె రాయి చేసుకోవాలి. మొదట్లో ఆమె చేతులు వాటంతటవే లేచేవి. అందుకని రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చోవడం అలవాటు చేసుకుంది. ఏళ్లు గడిచినా, జీతం పెరిగినా, ఆ అలవాటు మాత్రం పోలేదు.

అంతకుముందు ఆమె ఒక బట్టల దుకాణంలో గుడ్డలు పరిచి చూపించేది. కొనేవాళ్ల నోటిని కాక చేతులను చూడటం అక్కడే వంటబట్టింది. "బ్రహ్మాండంగా ఉందమ్మా, మళ్లీ వస్తాం" అన్నవాళ్లు మళ్లీ రారు. "ఏం బాగుంది దీని మొహం" అంటూనే అంచును వేళ్ల మధ్య నలిపి చూసేవాళ్లు గుమ్మం దాకా పోయి వెనక్కొస్తారు. ఆ దుకాణం పై అంతస్తులోకి ఈ ఆఫీసు వచ్చింది. ఒకరోజు యాప్ చూపించడానికి మనుషులు చాలక, అక్కడి మేనేజరమ్మ కిందికొచ్చి ఆమెను బతిమాలింది. ఆమె పైకెళ్లి, ఫోను చేతిలోకి తీసుకుని, చెప్పిన పని ఎంతకీ తెమలక, చివరికి "బాగుందండీ" అంది. అన్నాక ఒక క్షణం ఆగి ఫక్కున నవ్వేసింది.

"కాదండీ. దుకాణంలో అందరూ నాతో అనే మాటే నేను మీతో అన్నాను."

ఆ మాటకే మేనేజరమ్మ ఆమెను పై అంతస్తుకు లాక్కెళ్లిపోయింది.

ఒకసారి అత్తగారి మోకాలు బూరెలా వాచి, మంచం దిగలేని పరిస్థితి వచ్చింది. ఆ వారమంతా ఆమె సెలవు పెట్టింది. సరిగ్గా అదే వారం ఆసుపత్రి యాప్‌కు పరీక్షలు పడ్డాయి. పెద్దాసుపత్రిలో డాక్టరును చూడాలంటే ఇకమీదట పొద్దున్నే వెళ్లి వరసలో నిలబడక్కర్లేదు, ఫోనులోనే అపాయింట్‌మెంటు తీసుకోవచ్చు. అదీ ఆ యాప్. ఆమె లేదు కనుక, దాన్ని గీసిన డిజైనరే పక్కన కూర్చుని పరీక్షలు జరిపించాడు. చురుకైనవాడు, మంచివాడు, చీమకు కూడా దారి ఇచ్చే రకం. ఆమె తిరిగి వచ్చిన రోజు లిఫ్టు దగ్గరే ఎదురొచ్చాడు.

"అక్కా, అందరూ పాసు! ఒక్కరు కూడా చేతులెత్తెయ్యలేదు. చాలా బాగుందన్నారు."

"ఊఁ."

"ఊఁ ఏంటక్కా? ఒక కంగ్రాట్స్ అయినా చెప్పవా?"

"వీడియోలు చూశాక చెప్తాలే నాన్నా."

ఆ గదిలో కెమెరా మనుషుల మొహాలతో పాటు చేతులనూ ఫోనునూ తీస్తుంది. ఆమె కూర్చుని చూసింది. బస్సు డ్రైవరు, కుట్టుపని చేసుకునే ఆవిడ, పళ్ల వ్యాపారి. డాక్టరును ఎంచుకున్నారు, రోజు ఎంచుకున్నారు, గంట ఎంచుకున్నారు. ఎంచుకోగానే తెర మధ్యలో పెద్ద పచ్చ టిక్కు పడింది. అసలు సంగతి దాని కిందుంది. తెరను పైకి జరిపితే తప్ప కనిపించని చోట, "కన్ఫర్మ్ చేయండి" అనే బటన్. అది నొక్కితేనే అపాయింట్‌మెంటు. నొక్కకపోతే లేదు.

అందరూ పచ్చ టిక్కు దగ్గరే ఆగారు. ఆగిన ప్రతిసారీ ఫోను పక్కకు ఒక వేలి కొస వచ్చింది. "ఇంకొంచెం కిందికండీ" అని డిజైనరు గొంతు. డ్రైవరు దగ్గర వేలు కూడా రాలేదు, చిన్నగా దగ్గిన చప్పుడంతే. జీవితమంతా వెనక హారన్లు విన్న మనిషి, ఆ దగ్గుకే తెర పైకి జరిపేశాడు.

ఆమె డిజైనరును పిలిచి చూపించింది. అతను మొదట నవ్వాడు. రెండో వీడియోకు చెవులు ఎర్రబడ్డాయి.

"అది సాయం కాదక్కా. చిన్న సైగ."

"వాళ్లింట్లో కూడా పక్కనే కూర్చుని సైగ చేస్తావా మరి?"

"పాపం ఆ పళ్లమ్ముకునే పెద్దాయన దిక్కులు చూస్తుంటే ఎలా ఊరుకోను?"

"అలా ఊరుకోవడమే కదా నాన్నా మన ఉద్యోగం."

మేనేజరమ్మ గదిలో ఈ సంగతి చెప్పేసరికి ఆవిడ తల పట్టుకుంది. సోమవారం విడుదల. మర్నాడు ఆసుపత్రి నుంచి మనుషులు చూడటానికి వస్తున్నారు. అందరూ పాసయ్యారని వాళ్లకు మాట కూడా ఇచ్చేసింది.

"అంతా అయ్యాక ఇప్పుడా చెప్పడం? సరే, రేపు వాళ్ల కళ్లముందే ఒక్క మనిషితో చేయించు. ఆ మనిషి గట్టెక్కితే యాప్ వెళ్లిపోతుంది. నువ్వు మళ్లీ నోరెత్తకూడదు."

"గట్టెక్కకపోతే?"

"విడుదల ఆగుతుంది. తిట్లు నేను తింటాను."

ఆమెకు తన గెలుపోటముల బెంగ లేదని కాదు, ఉంది. కానీ అంతకంటే ఎక్కువగా అత్తగారి మోకాలే కళ్లముందు మెదిలింది. ఆ కాలితో ఒక మనిషి బస్సెక్కి, దిగి, కుంటుకుంటూ ఆసుపత్రి దాకా వెళ్లాక, "మీ పేరు లేదండీ" అంటే?

మర్నాడు వచ్చిన మనిషిని చూడగానే డిజైనరు మొహం వెలిగింది. ఆవిడ రిటైరైన లెక్కల టీచరు. నిటారు నడక, ఎదుటివాడి జేబులో ఏముందో కనిపెట్టే చూపు. "టీచరమ్మ చిటికెలో తేల్చేస్తుంది" అంటూ అతను అద్దం అవతలి గదిలోకి వెళ్లాడు. అక్కడ మేనేజరమ్మ, ఆసుపత్రి కౌంటరులో పనిచేసే ఆవిడ, ఆవిడ పైఅధికారి కూర్చున్నారు. అటునుంచి ఇటు కనబడుతుంది, ఇటునుంచి అటు కనబడదు.

"అద్దం వెనక మనుషులున్నారండీ, ముందే చెప్తున్నా" అంది ఊఁ అక్క. "పరీక్ష మీకు కాదు, ఈ యాప్‌కి. దీన్ని చేసింది నేను కాదు. తిట్టినా నాకేం తగలదు."

"వాళ్లకి తగుల్తుందిగా" అంది టీచరమ్మ అద్దం వైపు చూసి. "మంచిదే. ఇవ్వమ్మా."

ఆవిడ వేలు ఎక్కడా తడబడలేదు. కళ్ల డాక్టరు, బుధవారం, పొద్దున. పచ్చ టిక్కు పడింది. టీచరమ్మ ఫోను బల్ల మీద పెట్టి, కళ్లజోడు తీసి, మడిచి, పెట్టెలో పెట్టి టప్పున మూసింది.

ఊఁ అక్క అరచేతులు తొడల కింద బిగుసుకున్నాయి. పెట్టె మూశాక మనిషి ఇక వెనక్కి రాదు. దుకాణంలో సంచీ భుజాన వేసుకున్నట్టే అది.

అయితే జీవితమంతా పిల్లల మొహాలు చదివిన కళ్లు ఊరుకుంటాయా? టీచరమ్మ ఆమెను పరకాయించి చూసింది. "ఏమ్మా, అయిపోయినట్టేనా?"

ఒక్క కనురెప్ప వాల్చితే చాలు, ఆవిడ పట్టేస్తుంది. ఆమె రెప్ప వాల్చలేదు.

"మీకేమనిపిస్తోందండీ?"

"అయిపోయినట్టే మరి. టిక్కు పెట్టాడుగా. టిక్కంటే ఏంటో నాకు చెప్పాలా? వేళ్లు నొప్పెట్టేదాకా పెట్టినదాన్ని."

"ఊఁ. ఇక తర్వాత ఏం చేస్తారు?"

"ఏముంది, బుధవారం పొద్దున్నే బస్సెక్కి పోతా. పేరు పిలిచేదాకా కూర్చుంటా."

అద్దం అవతల ఎవరో కుర్చీ జరిపిన చప్పుడయింది.

అప్పుడు ఆమె చేతులు బయటికి తీసింది. పరీక్ష ముగిసిందని, ఇక దాచేదేమీ లేదని చెప్పి, ఉన్నదున్నట్టు వివరించింది. టీచరమ్మ మళ్లీ కళ్లజోడు పెట్టుకుంది. తెర పైకి జరిపింది. కింద నక్కి ఉన్న బటన్ కనబడింది. నిటారుగా ఉన్న వెన్ను కాస్త వంగింది.

"నేను చూసుకోలేదన్నమాట" అంది మెల్లగా.

"మీరొక్కరే కాదండీ. ఇంతకుముందు వచ్చినవాళ్లూ అక్కడే ఆగారు. అందరూ."

"అందరూనా? సరిగ్గా అక్కడేనా?"

"అక్కడే."

టీచరమ్మ వెన్ను మళ్లీ నిలబడింది. "క్లాసంతా ఒకే లెక్కని ఒకే చోట తప్పు చేస్తే, తప్పు క్లాసుది కాదమ్మా. నేను చెప్పడంలోనే ఏదో తేడా ఉందని అర్థం. అలాంటప్పుడు నేనేం చేసేదాన్నో తెలుసా?" ఆవిడ అద్దం వైపు తిరిగి, చివరి బెంచీకి వినపడేలా అంది: "బోర్డు తుడిచేసేదాన్ని. తుడవండి!"

అవతలి గదిలో ముందుగా నోరు విప్పింది కౌంటరు ఆవిడ. "బుధవారం అక్కడ ఉండేది నేనే. ఈవిడ ఎదురుగా నిలబడి, మీ పేరు లేదండీ అని నేనే చెప్పాలి. నావల్ల కాదు బాబూ." పైఅధికారి మేనేజరమ్మ వైపు తిరిగి, "సోమవారం వద్దులెండి" అన్నాడు.

డిజైనరు ఆ సాయంత్రమే బటన్‌ను గంట ఎంచుకునే చోటికి, వేలికి ఎదురుగా తెచ్చాడు. అది నొక్కాకే పచ్చ టిక్కు వచ్చేలా మార్చాడు. మళ్లీ పరీక్షలప్పుడు, "నేనూ కూర్చుంటానక్కా" అని ఇంకో కుర్చీ తెచ్చుకుని, అరచేతులు తొడల కింద పెట్టుకున్నాడు. బస్సు డ్రైవరును మళ్లీ పిలిపించారు. ఎవరూ దగ్గలేదు. ఆయన తనంతట తానే పని ముగించి, "ఇంతేనా? పోయినసారి ఏదో తిరకాసు ఉండేదే" అన్నాడు.

ఆయన వెళ్లాక డిజైనరు చేతులు విదిలించుకుంటూ, "తిమ్మిరెక్కాయక్కా" అన్నాడు.

"ఎక్కుతాయి" అంది ఆమె. ఆ కుర్రవాడిని చూస్తే, తన పెద్దకొడుకు మొదటిసారి సైకిలు తొక్కినప్పటిలా ఆమె ఛాతీ ఉప్పొంగింది. "కంగ్రాట్స్ నాన్నా."

యాప్ జనంలోకి వెళ్లాక ఒక ఆదివారం అత్తగారు సోఫాలో కూర్చుని ఫోను చేతికి తీసుకుంది. మోకాలు మళ్లీ సలుపుతోంది.

"ఇలా ఇవ్వమ్మా, నేను చేసిస్తా" అని కొడుకు చెయ్యి చాచాడు.

"మీరుండండి" అంది భార్య. తాను మాత్రం వెళ్లి అత్తగారి పక్కన కూర్చుంది, అరచేతులు తొడల కింద పెట్టుకుని.

"ఇక్కడ నొక్కనా?" అంది అత్తగారు.

"మీకేమనిపిస్తోంది అత్తయ్యా?"

"నాకనిపిస్తే నిన్నెందుకడుగుతానే? చేతులేం విరిగాయా, పక్కనే కూర్చుని పలకవు!"

"ఊఁ."

"ఊఁ అంట! నా ఇంట్లో కూడానా ఇది!"

తిట్టుకుంటూనే ఆవిడ ఎముకల డాక్టరును వెతికింది. రోజు చూసింది. గంట చూసింది. బటన్ కనబడింది, నొక్కింది. పచ్చ టిక్కు పడి, మీ అపాయింట్‌మెంటు కన్ఫర్మ్ అయిందన్న సందేశం వచ్చింది. అత్తగారు దాన్ని పైకి చదివింది. కొడుక్కి వినబడలేదేమోనని మళ్లీ చదివింది. తర్వాత గోడ పట్టుకుని మెల్లగా మెట్ల దగ్గరికి నడిచి, కనబడిన పక్కింటావిడకు ఆ సంగతి చెప్పింది.

"కోడలు చేసిపెట్టిందాండీ?" అని పక్కింటావిడ గొంతు.

"అదా? పక్కనే కూర్చుంది, బెల్లంకొట్టిన రాయిలా. ఏమీ చెయ్యలేదు. మొత్తం నేనే చేసుకున్నా." కాస్త ఆగి, గొంతు పెంచింది. "ఊరికే కూర్చోవడమంటే తమాషా అనుకున్నావా? మా అబ్బాయి వల్ల కాలేదు, చెయ్యి చాచేశాడు. దానికే జీతమిస్తారు, తెలుసా!"

లోపల సోఫాలో కోడలు తిమ్మిరెక్కిన చేతులు బయటికి తీసి, వేళ్లు ఒక్కొక్కటిగా విరుచుకుంది.