కింద నుంచి విన్న డ్రమ్స్

మా మేనత్త ఏ వస్తువునైనా కింద నుంచి చూడనిదే కొనదు. తను కొనకపోవడమే కాదు, పక్కనున్నవాళ్ళని కూడా కొననివ్వదు.

దీనికి కారణం ఆమె ఉద్యోగమేనని మా ఇంట్లో అందరి నమ్మకం. రిటైరయ్యేదాకా అత్తయ్య లిఫ్టులు తనిఖీ చేసే అధికారి. లిఫ్టు ఎక్కినవాళ్ళు అందులోని అద్దంలో మొహం చూసుకుంటారు, జుట్టు సర్దుకుంటారు. అత్తయ్య మాత్రం దాన్ని పైకి పంపించేసి, అది వచ్చి ఆగే గుంతలోకి దిగి, టార్చి వేసి పైకి చూసేది. ఏళ్ళ తరబడి అలా చూసిన మనిషికి లోకమంతా లిఫ్టులాగే కనపడటంలో వింతేముంది? "పైనుంచి చూస్తే అన్నీ బాగానే ఉంటాయే. అసలు సంగతి కింద ఉంటుంది" అంటుంది. ఆమె హ్యాండ్‌బ్యాగులో దువ్వెన ఉండదు. టార్చి ఉంటుంది, నేలమీద పరుచుకోవడానికి ఒక పాత దుప్పటి ముక్క ఉంటుంది.

ఒకసారి సోఫా కొనడానికి నన్ను తోడు తీసుకెళ్ళింది. షాపాయన "కూర్చుని చూడండమ్మా, మెత్తగా ఉంటుంది" అంటూనే ఉన్నాడు, ఈవిడ దుప్పటి ముక్క పరిచి, వెల్లకిలా పడుకుని, నడుము దాకా సోఫా కిందికి దూరిపోయింది. బయట మిగిలినవి కాళ్ళు మాత్రమే. అటుగా వచ్చిన ఒకావిడ కెవ్వుమంది. ఇంకొకాయన నీళ్ళ సీసా పట్టుకుని పరుగెత్తుకొచ్చి, మొహం ఎక్కడుందో తెలియక ఆ కాళ్ళమీదే చల్లాడు. సోఫా కింద నుంచి అత్తయ్య గొంతు నింపాదిగా వచ్చింది. "బాబూ, ఇక్కడ మేకులు పొడుచుకొచ్చి ఉన్నాయి. నీళ్ళెందుకు, సుత్తి పట్రా."

అసలు మావయ్యని కూడా ఆవిడ ఇలాగే ఒప్పుకుందట. మొదటిసారి ఆయన ఇంటికొచ్చినప్పుడు అందరూ లోపల ఆయన మొహం చూస్తుంటే, ఈవిడ గుమ్మం బయట ఆయన విడిచిన చెప్పులు తిరగేసి చూసింది. "ఎడమది ఒక పక్కకి అరిగింది. బరువులు మోసే అలవాటున్న మనిషి, పనికొస్తాడు" అని తేల్చేసింది. మావయ్య ఇప్పటికీ కూరగాయల సంచీలు మోస్తూనే ఉన్నాడు.

ఇలాంటి మనిషి చేతిలో నా డ్రమ్స్ వ్యవహారం పడింది.

నేను పనిచేసేది కళ్ళజోళ్ళ షాపులో. ప్రాణం మాత్రం డ్రమ్స్ మీద ఉంది. పాత పాటలు వాయించే ఒక ఆర్కెస్ట్రాలో డ్రమ్మర్ మానేశాడనీ, పరీక్ష పెట్టి, వాయించమని చూసి కొత్తవాళ్ళని తీసుకుంటారనీ తెలిసింది. ఆ చోటు నాదే కావాలని పట్టుబట్టాను. పట్టుబడితే సరిపోదు కదా, సాధన ఉండాలి. ఒకప్పుడు నా దగ్గర మామూలు డ్రమ్స్ ఉండేవి. మేడమీద మా వాటాలో వాటిని ఒకే ఒక్కసారి వాయించాను. పాట సగంలో ఉండగానే బిల్డింగంతా మెట్లమీద ఉంది. భూకంపమనుకుని ఒకాయన టీవీని చంకన పెట్టుకుని మరీ దిగిపోయాడు. ఇంటి ఓనరు మెత్తగానే చెప్పాడు. "అమ్మా, ఇంకోసారి కిందికి వినపడితే డ్రమ్సన్నా వెళ్ళాలి, మీరన్నా వెళ్ళాలి."

అన్నిటికీ మించి, సరిగ్గా మా కింది వాటాలో ఒక నర్సు ఉంటుంది. రాత్రంతా డ్యూటీ చేసి పొద్దున్నే వచ్చి పడుకుంటుంది. మా షాపు తెరిచేది మధ్యాహ్నం, కాబట్టి నాకు తీరికుండేది కూడా పొద్దున్నే. ఆవిడ నిద్ర, నా సాధన ఒకే వేళకి వచ్చి కూర్చున్నాయి. అందుకే హెడ్‌ఫోన్లు పెట్టుకుని వాయించుకునే ఎలక్ట్రానిక్ డ్రమ్స్ కొందామనుకున్నాను. ఆ మాట అత్తయ్యకి ఫోన్లో చెప్పడం నా బుద్ధితక్కువ.

"ఆగు. నేను రాకుండా కొన్నావంటే ఊరుకోను" అంది.

డ్రమ్స్ షాపాయనకి నెరిసిన జుట్టు, దానికో పిలక. మమ్మల్ని చూడగానే రబ్బరు పలకలున్న ఒక సెట్టు ముందు కూర్చోబెట్టి, అత్తయ్య చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించాడు. "వినండమ్మా, స్టేజి మీద ఉన్నట్టే ఉంటుంది." అత్తయ్య వాటిని వెంటనే తీసేసింది.

"వాయించేవాళ్ళకి ఎలా వినపడితే నాకెందుకయ్యా? మీ షాపు కింద ఏముంది?"

"సెలూనుందమ్మా."

"అయితే నేను అక్కడుంటాను. ఫోన్ చేస్తాను, అప్పుడు వాయించండి."

"అక్కడ మగవాళ్ళు గడ్డం గీయించుకుంటుంటారమ్మా" అన్నాడు పిలకాయన ఇబ్బందిగా.

"గీయించుకోనీ. నేనేమన్నా అడ్డమా?"

కాసేపటికి ఫోన్ వచ్చింది. నేను వాయించాను. "చేతులు ఆపు, కాలితో ఒక్కటే కొట్టు" అంది అత్తయ్య. కాలి పెడల్ గట్టిగా తొక్కాను. ఫోన్లో ఇంకో గొంతు వినపడింది. "అమ్మా, మీకు పుణ్యముంటుంది, ఆపమనండి. కత్తి ఈయన గొంతుమీద ఉంది." కుర్చీలో ఉన్నాయన మాత్రం ఏమీ అనలేదు, అనే పరిస్థితిలో లేడు.

అత్తయ్య పైకొచ్చి నెత్తిమీద రాలిన సున్నం దులుపుకుంది. "పనికిరాదు. చేతులు కొడితే చెక్క కొట్టినట్టుంది. కాలు కొడితే కప్పు అదురుతోంది. ఇన్నాళ్ళూ పైన మరమ్మతులు జరుగుతున్నాయనుకున్నాడట పాపం ఆ సెలూనాయన."

"ఇన్నేళ్ళుగా అమ్ముతున్నాను, కిందికెళ్ళి విన్నవాళ్ళు ఎవరూ లేరమ్మా" అన్నాడు పిలకాయన.

"నువ్వు వెళ్ళావా?"

ఆయన పిలక సవరించుకున్నాడు.

ఎలక్ట్రానిక్ డ్రమ్స్‌తో వచ్చిన చిక్కే అది. పాటంతా హెడ్‌ఫోన్లలోకి పోతుంది కానీ, కర్ర తగిలిన చప్పుడు గదిలో ఉండిపోతుంది. పెడల్ తొక్కితే చిన్న సుత్తి లేచి పలకని కొడుతుంది. ఆ దెబ్బ నేలలోకి దిగి కిందివాళ్ళ కప్పులోంచి బయటికొస్తుంది. వాయించేవాడు మహా నిశ్శబ్దంగా ఉన్నాననుకుంటాడు.

రెండోసారి, రబ్బరుకి బదులు బిగించిన వలగుడ్డ ఉన్న సెట్టు తీసుకున్నాం. నచ్చకపోతే తిరిగిచ్చేలా మాట్లాడుకుని ఇంటికి తెచ్చాను. అత్తయ్య తిన్నగా కిందికెళ్ళి నర్సు తలుపు తట్టింది. పరిచయం లేని ఇంట్లోకి వెళ్ళి "అమ్మా, కాసేపు నీ మంచమ్మీద పడుకోనా?" అని అడగగలిగిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. ఆ పిల్ల ఎందుకు ఒప్పుకుందో నాకు ఇప్పటికీ తెలియదు. పైన నేను ఒళ్ళు దగ్గర పెట్టుకుని వాయించాను. అత్తయ్య తిరిగొచ్చి ఒకే మాట అంది.

"కుదరదు. ఇచ్చెయ్."

"చేతులు కూడా వినపడ్డాయా?"

"చేతులు ఫరవాలేదు. కాలు వినపడుతోంది."

దాన్ని విప్పి, మూటగట్టి, మెట్లు దింపి, తిరిగిచ్చి వచ్చాను. ఆర్కెస్ట్రా పరీక్ష దగ్గరపడుతోంది. చేతులు ఆడక పట్టు తప్పుతోంది. అన్నం తినే పళ్ళెం మీదా, షాపులో కళ్ళజోళ్ళ పెట్టెల మీదా వాయించుకుంటూ తిరిగాను. అయినా పంతం మాత్రం వదల్లేదు.

అలాంటి రోజుల్లో గేటు దగ్గర నర్సు ఎదురైంది. "డ్రమ్స్ తిరిగిచ్చేశారట, ఎందుకండీ? నాకు ఫరవాలేదని ఆ రోజే ఆంటీతో చెప్పానే" అంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తిన్నగా అత్తయ్య ఇంటికెళ్ళాను. కొత్తగా వచ్చిన ఇస్త్రీ బల్ల కింద ఉందావిడ. కాళ్ళు మాత్రమే కనపడుతున్నాయి. చేసేదిలేక ఆ కాళ్ళతోనే పోట్లాడాను.

"ఆవిడ ఫరవాలేదందట కదా, నాకెందుకు చెప్పలేదు? ఒప్పుకున్నాక నీకొచ్చిన నష్టమేమిటి? ఈ చోటు పోతే మళ్ళీ నాకెప్పుడు వస్తుంది?"

"ఒప్పుకుంది" అన్నాయి కాళ్ళు. "ఒప్పుకున్నప్పుడు చెవుల్లో దూది ఉంది. దిండు కింద ఇంకా దూది ఉంది. నీ డ్రమ్స్ రాకముందు నుంచీ, నీ కుర్చీల చప్పుడుకి పెట్టుకుంటోందట. మొహమాటస్తురాలు కాబట్టి సర్దుకుంటానంటుంది. సర్దుకునేవాళ్ళ మాట నమ్మి వస్తువు కొనకూడదే."

అత్తయ్య బల్ల కింద నుంచి జరిగి బయటికొచ్చి కూర్చుంది.

"గుంతలోకి దిగి నేను లిఫ్టుని చూసేదాన్ననుకున్నావా? లిఫ్టుని చూసేవాళ్ళు పైన బోలెడుమంది ఉంటారు. ఆ గుంత ఊడవడానికి ఒక మనిషి దిగుతాడు. పైన మీట నొక్కేవాళ్ళకి వాడు కనపడడు. వాడి నెత్తిమీదికి ఏం రాబోతోందో, వాడు నిలబడే చోట నిలబడితేనే తెలుస్తుంది."

"మరి సోఫా?" అన్నాను, కోపం ఎటు పోయిందో తెలియక.

"ఇల్లు ఊడ్చే ఆవిడ దాని కింద చెయ్యి పెడుతుంది కదే. మేకు గుచ్చుకున్నా మనతో చెప్పదు."

"మావయ్య చెప్పులు?"

"అది మాత్రం నా కోసమే" అంది అత్తయ్య.

నాకు సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. ఇన్నాళ్ళూ ఈవిడని వస్తువుల్లో తప్పులు వెతికే మనిషనుకుని ఇంటిల్లిపాదీ నవ్వుకున్నాం. ఆవిడ చూస్తున్నది వస్తువుల్ని కానే కాదు. ఆ రోజే మా కుర్చీల కాళ్ళకి గుడ్డలు కట్టాను.

మూడోసారి పిలకాయన తనే ఫోన్ చేశాడు. సుత్తే లేని పెడల్ ఒకటి ఉందట, తొక్కితే దేన్నీ కొట్టకుండా స్విచ్చిలా పనిచేస్తుందట. "నేను సెలూన్లోకెళ్ళి విన్నానమ్మా" అన్నాడు గర్వంగా. వలగుడ్డ సెట్టు మళ్ళీ తెచ్చి దాన్ని తగిలించాం. మావయ్య ఒక బరువైన చెక్క మోసుకొచ్చాడు. టెన్నిస్ బంతుల్ని సగానికి కోసి దాని కింద అంటించి, సెట్టుని దానిమీద పెట్టాం. ఆ పెడల్ తొక్కుతుంటే గాల్లో కాలు ఊపినట్టే ఉంది, ఎదురుదెబ్బ లేదు. "ఇదేం వాయిద్యం అత్తయ్యా, చెప్పినమాట వినే మొగుడిలా ఉంది" అన్నాను. "అలవాటవుతుందిలే" అంది.

ఈసారి నర్సుకి చెప్పనివ్వలేదు అత్తయ్య. "చెబితే చెవులు రిక్కించి వింటుంది, లేదా వినపడినా వినపడలేదంటుంది. రెండూ పరీక్ష కాదు." మర్నాడు పొద్దున్నే కిందికెళ్ళి, "మీ హాల్లో గాలి బాగా వస్తుందమ్మా, కాసేపు నడుం వాలుస్తాను" అంది. ఆవిడ అక్కడక్కడ పడుకోవడం ఆ పిల్లకి మొదటిసారితోనే అలవాటైపోయింది. సరేనని తన గదిలోకి పోయి పడుకుంది. నేను పైన హెడ్‌ఫోన్లు పెట్టుకుని, పరీక్షకి అనుకున్న పాటలన్నీ ఒకటీ వదలకుండా వాయించాను. చెమటలు తుడుచుకుంటూ కిందికొచ్చి, ఓరగా వేసిన తలుపులోంచి తొంగిచూశాను. లోపలి గదిలోంచి ఒక గురక. హాల్లో దుప్పటి ముక్కమీద, వెలుగుతున్న టార్చి పట్టుకునే, అత్తయ్య ఇంకో గురక. చప్పుడు చెయ్యకుండా వెనక్కి వచ్చేశాను. ఆ రోజు నుంచి పొద్దున పూట సాధన ఒక్కరోజు మానలేదు.

పరీక్ష నాడు ఆర్కెస్ట్రా వాళ్ళ హాల్లో నిజమైన డ్రమ్స్ ముందు కూర్చున్నాను. నాకంటే ముందు వాయించిన కుర్రాళ్ళు కిటికీ అద్దాలు గలగలలాడించి వెళ్ళారు. నేను మొదలుపెట్టిన కాసేపటికే ఆర్కెస్ట్రా నడిపే మాస్టారు చెయ్యెత్తి ఆపారు.

"ఏమ్మా, మీ కింద ఎవరైనా నిద్రపోతున్నారా?"

సుత్తి లేని పెడల్ మీద సాధన చేసి చేసి నా కాలు పిల్లి అడుగైపోయింది. అందరూ నవ్వారు. అబద్ధం ఆడటానికి కూడా తోచలేదు.

"అవునండీ, ఒక నర్సు" అన్నాను.

ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. నవ్వనిది ఒక్కరే, మైకు ముందు నిలబడ్డ పెద్దావిడ, వాళ్ళ గాయని. ఆవిడ మాస్టారి వైపు తిరిగి, "ఇంతకుముందున్న అబ్బాయి వాయిస్తుంటే నేను పాడుతున్నానో లేదో నాకే తెలిసేది కాదు. ఇవాళ నా గొంతు నాకు వినపడింది. నాకు ఈ అమ్మాయి కావాలి" అంది. మాస్టారు కాసేపు గడ్డం గోక్కున్నారు. చివరి పాటలకి మాత్రం గట్టిగా కొట్టడం నేర్చుకోవాలని షరతు పెట్టి నన్ను తీసుకున్నారు.

ఎగురుకుంటూ ఇంటికొచ్చేసరికి నర్సు డ్యూటీకి బయల్దేరుతోంది. నన్ను చూసి ఆగింది. మొహంలో ఏదో నొచ్చుకున్నట్టు ఉంది.

"ఏమీ అనుకోకండి, ఒక మాట అడుగుతాను. ఆంటీ ఈమధ్య రావడం లేదు, పైనుంచి చప్పుడూ లేదు. డ్రమ్స్ ఆలోచనే మానుకున్నారా? నా నిద్ర కోసం మానుకుంటే నాకు బాధగా ఉంటుందండీ. మీరు మొదలుపెట్టండి, నేను ఎలాగో సర్దుకుంటాను."

నేను ఆవిడ చెవుల వైపు చూశాను. దూది లేదు.

"సరేనండీ" అన్నాను. "రేపటి నుంచి మొదలుపెడతాను."