మిస్డ్ కాల్ లెక్క

సారపాకలో ఒక వెదురు కాంట్రాక్టరు ఆఫీసుకు ఇంటర్నెట్ ఫోన్ అమ్మిన. నెలకు ఎన్ని నిమిషాలు మాట్లాడతరని అడిగితే, "మేమెందుకు చేస్తం? అడవిల వెదురు కొట్టించే మేస్త్రీలే మాకు చేస్తరు" అని కాంట్రాక్టరు కసిరిండు. నమ్మి చిన్న ప్యాక్ ఇచ్చిన.

వారం తిరగకముందే నిమిషాలు అయిపోయినయ్. "దొంగ మీటర్ పెట్టినవ్" అని అందరి ముందు ఇజ్జత్ తీసిండు. నాకూ మండింది. మళ్ల నిమిషాలు ఎక్కించి, అక్కడనే కుర్చీ ఏసుకొని కూసున్న. ఫోన్ ఒక్కసారి మోగి ఆగుతది. గుమాస్తా వెంటనే తిరిగి చేసి, చాయ్ తాగుకుంట మాట్లాడుతనే ఉంటడు. మేస్త్రీలు చేసేదంతా మిస్డ్ కాలే! ఆ ముక్క ముందే చెప్తే మీ సొమ్మేం పోయేదని కాంట్రాక్టరును అడిగిన. "మళ్ల నా గడప తొక్కకు" అని వెళ్లగొట్టిండు.

గోదావరి బ్రిడ్జి దాటి ఇంటికి చేరేసరికి ఆయన మిస్డ్ కాల్ ఉంది. తిరిగి చేసి, మిగిలిన తిట్లు నా బ్యాలెన్స్‌తోనే తిన్న.